డొరీలా వదిన నిలబడ్డ దుంగ

మా ఇంట్లో నిమ్మకాయ కింద పడితే వెతుక్కోవలసిన పని లేదు. ఎక్కడ పడ్డా దొర్లుకుంటూ పోయి ఏటికి ఎగువ వైపున్న మూలకే చేరుతుంది. మొదట్లో నవ్వుకున్నాను. తరవాత పొయ్యి మీద అన్నం గిన్నెలో ఎసరు ఒక పక్కకి ఒరగడం మొదలుపెట్టింది. గిన్నెలో ఒక వైపు జావ, ఇంకో వైపు పలుకు. అప్పటినుంచి నవ్వు రాలేదు. ఇల్లు మునుగుతోందన్న సంగతి మగవాళ్ళ కంటే ముందు పొయ్యికే తెలుస్తుంది.

మాది బాబాఓయో ఏటి ఒడ్డున ఇల్లు కాదు, ఏటి మీద ఇల్లు. తేలికపాటి బాల్సా చెట్టు దుంగలు వరసగా కట్టి, వాటి మీద దూలాలు, దూలాల మీద చెక్కలు, చుట్టూ వెదురు తడికెలు, పైన రేకులు. గట్టు మీది గుంజలకి రెండు మోకులు కట్టి ఉంటాయి. నేను పుట్టింది ఈ ఇంట్లోనే. అయితే నేను పుట్టినప్పటి దుంగ ఒక్కటి కూడా ఇప్పుడు లేదు. అయిదారేళ్ళు మోశాక దుంగ నీళ్ళు తాగి బరువెక్కుతుంది. దాన్ని తీసి కొత్తది తోస్తాం. తడికెలు మారాయి, రేకులు మారాయి. ఇల్లు మాత్రం అదే. ఎలా అదే అని అడిగితే చెప్పలేను గాని, పడుకున్నప్పుడు మా అమ్మని ఊపిన ఊపే నన్నూ ఊపుతుంది.

ఆ ఏడు ఎగువ మూలనున్న మూడు దుంగలూ ఒక్కసారే చేతులెత్తేశాయి. వానలు దగ్గర పడుతున్నాయి. ఏరు పొంగిందంటే ఎగువనుంచి గుర్రపుడెక్క మడులు మడులుగా కొట్టుకొస్తుంది. దాంతోపాటు విరిగిన చెట్లు, చచ్చిన గొడ్లు. తేలే ఇంటి పక్కనుంచి అదంతా జారిపోతుంది. మునిగిన మూల దొరికితే మాత్రం పట్టుకుని ఇంటినే లాగేస్తుంది. దిగువన చేపలు వేయించి అమ్మే వాళ్ళ ఇల్లు అలాగే బోర్లా పడింది. కొత్త దుంగలు దొరక్కపోతే వానలకి ముందే ఇల్లు విప్పేసి, సంత వెనకాల మా ఆడపడుచు ఇంటికి పోయి సిమెంటు గచ్చు మీద పడుకోవాలి. ఒకసారి పడుకున్నాను. కదలని నేల మీద నాకు కళ్ళు తిరుగుతాయి.

"దుంగల గురించి నువ్వు దిగులు పెట్టుకోకే. నేనున్నాగా!" అన్నాడు మా ఆయన క్లొతారియో.

ఆ మాట అన్నప్పుడల్లా నా దిగులు రెట్టింపవుతుంది. ఆయన కెవేదో అనే పట్నంలో బాల్సా చెక్కల కార్ఖానాలో పని చేస్తాడు. బల్లల్ని ఆరబెట్టే బట్టీ ఆయన చేతికిందే. సోమవారం పోయి శనివారం వస్తాడు. చెక్క మీద వేలితో కొట్టి, చెవి పెట్టి, ఇది ఎంత తేలికో చెప్పేస్తాడు. ఆ మాట వరకూ నేనూ ఒప్పుకుంటాను. ఆయన చెప్పింది తప్పని కార్ఖానాలో ఎవరూ అనగా వినలేదు.

దుంగలు కొనుక్కుందామంటే ఏటి పొడుగునా చెట్టన్నది లేదు. సముద్రాల అవతల ఎక్కడెక్కడో గాలిమరలు నిలబెడుతున్నారట. వాటి రెక్కల కడుపులో మన బాల్సాయే పెడతారట. ఆ పిచ్చి పట్టి, మొన్నమొన్నటిదాకా ఎవడికీ పట్టని చెట్టు కోసం లారీలు బారులు తీరాయి. లావెక్కిన చెట్టునల్లా అందినది అందినట్టే కొట్టుకుపోయారు. గట్ల మీద మొదళ్ళు మిగిలాయి. అంత పెద్ద రెక్కలకి అంత ఎత్తున ఎగరడం నేర్పేది మా ఏటి చెట్టేనని తలుచుకుంటే నాకు గర్వంగానే ఉంటుంది. కాని నా ఇంటికి మూడు దుంగలు లేకుండా పోతే ఆ గర్వాన్ని ఏం చేసుకోను?

ఒక శనివారం మా ఆయన లారీ మీంచి మూడు దుంగలు దింపాడు. ఒక్కోటి నిలువెత్తు మనుషుల్ని ముగ్గుర్ని పొడుగ్గా పడుకోబెట్టినంత. దాన్ని ఒక్కడే భుజాన వేసుకుని, ఈల వేసుకుంటూ గట్టు దిగాడు. పడవల్లోవాళ్ళు తెడ్లు ఎత్తి మరీ చూశారు.

"ఒసే రెమీ! ఇలా రా! ఈక! ఈక అనుకో!"

పగుళ్ళొచ్చాయని కార్ఖానావాళ్ళు పక్కన పడేసిన వాటిని అడిగి తెచ్చుకుని, బట్టీ వెనకాల వేడిగాలి తగిలేచోట నెలల తరబడి ఎండబెట్టాడట. మెచ్చుకోవాలనే అనుకున్నాను. నా నోరు ఊరుకోదు కదా.

"ఈకలు తేల్తాయి సరేనయ్యా. తడిసిన కోడిని చూశావా ఎప్పుడైనా?"

"నీకేం తెలుసే? తేలికైంది తేలుతుంది. పాలుతాగే పిల్లాడికి కూడా తెలుసు."

"మా నాన్న పచ్చిదే తోసేవాడు. కొట్టిన దుంగని కొట్టినట్టే ఏట్లో వేసేవాడు. లోపల పసరుంటే నీళ్ళు చొరబడవు అనేవాడు."

"మీ నాన్న కాలంలో బట్టీ ఉందా? ఉంటే ఆయనా ఇదే తోసేవాడు."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నేను ఊరుకున్నాను. ఊరుకున్నానంటే మా ఇంట్లో అది మామూలు సంగతి కాదు.

దుంగ దించే రోజంటే మాకు చిన్న పండగ. కొత్త దుంగని ఇంటి పక్కన నీళ్ళలో పెడతారు. దాని మీద మనుషులు ఎక్కి నిలబడతారు. వాళ్ళ బరువుకి దుంగ నీళ్ళలోకి దిగుతుంది. ఈతగాళ్ళు దాన్ని అలాగే ఇంటి అంచు కిందకి నెడతారు. సరైన చోటికి రాగానే మీదున్నవాళ్ళు ఒక్కొక్కరే జాగ్రత్తగా దిగిపోతారు. అప్పుడు దుంగ లేచి ఇంటిని నెత్తిన పెట్టుకుంటుంది. చూడటానికి ఎంత బాగుంటుందో! కాబట్టి ఆ రోజు బరువైనవాళ్ళదే మర్యాద. వాళ్ళ ఇంటికి వెళ్ళి స్వయంగా పిలవాలి, పడవ పంపాలి, బాతు కూర మొదటి పళ్ళెం వాళ్ళకే పెట్టాలి. నాలాంటి బక్కపీనుగులం ఆ రోజు వంటకి తప్ప ఎందుకూ పనికిరాం.

ఈ గట్టు మొత్తానికి ఆ మర్యాదలో మొదటి పేరు డొరీలా వదినది. నిండైన మనిషి. లంగా మోకాళ్ళదాకా దోపుకుని, నోట్లో చుట్టతో, దుంగ మీద ఉత్త కాళ్ళతో నిలబడితే దుంగ దొర్లదు. గుర్రం ఎక్కినవాడి మాట విన్నట్టు వింటుంది. బరువున్నవాళ్ళు ఇంకా ఉన్నారు గాని, వణక్కుండా మునగడం అందరికీ చేతకాదు. మా అమ్మాయికి జ్ఞానస్నానం నాడు తల్లిగా ఎత్తుకున్నది కూడా ఆవిడే. గట్టు మీద ఆవిడ ఇల్లు, దాని ఎదురుగా ఏట్లో నా ఇల్లు. ఆవిడ మెట్ల మీద కూచుంటే నా గిన్నెలో ఏం ఉడుకుతోందో కనిపిస్తుంది.

మా ఇద్దరికీ ఆరేళ్ళుగా మాటల్లేవు.

అందుకని ఆ ఎండు దుంగలు దించేరోజు ఆవిడని పిలవలేదు. నలుగురు మగవాళ్ళు ఎక్కారు. దుంగ వాళ్ళని నలుగుర్నీ నలుదిక్కులకి విసిరేసింది. ఆరుగురు ఎక్కారు. దుంగ ఒక్క జానెడు మునిగి, గిర్రున తిరిగి, అందర్నీ ఏట్లో ముంచి తాను మాత్రం పొడిగా పైకొచ్చింది. ఒడ్డున జనం పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు.

"చూశావా దాని పొగరు! అంత తేలిక!" అని మా ఆయన నీళ్ళు ఉమ్ముతూనే మురిసిపోయాడు.

"డొరీలమ్మని పిలవరాదూ?" అన్నారెవరో.

నేను బాతు కూర కలుపుతూ ఉండిపోయాను. మా ఆయన నా మొహం చూసి, సంచుల్లో రాళ్ళు నింపండర్రా అన్నాడు. రాళ్ళ మూటలు కట్టి, తిట్టుకుంటూ, జారుతూ, ఎలాగో మూడు దుంగలూ దించారు. డొరీలా వదిన మెట్ల మీద కూచుని మొదట్నించి చివరిదాకా చూసింది. చుట్ట ఆరిపోయినా మళ్ళీ వెలిగించుకోలేదు.

ఇల్లు లేచింది. ఎప్పుడూ లేవనంత ఎత్తు లేచింది. నిమ్మకాయ వేస్తే పడినచోటే ఉంది. మా ఆయన నన్ను పట్టుకుని చెక్కల మీద గిరగిరా తిప్పాడు. నిజం చెప్పాలంటే ఆ పూట నేను కూడా మా నాన్నని మనసులో కొంచెం తక్కువ చేశాను.

ఆ సంబరం ఎన్నాళ్ళో లేదు. మొదటి చినుకులు పడేసరికి నిమ్మకాయ కదిలింది. ఆ మర్నాడు దొర్లింది. ఇంకో వారానికి ఎగువ మూల గడప తడిసింది. అంతకుముందు ఎప్పుడూ తడవలేదు. మా ఆయన ఊపిరి బిగపట్టి కిందకి దిగాడు. పైకొచ్చేసరికి చేతిలో ఒక చెక్క పెచ్చు ఉంది. వేలితో నొక్కాడు. పాలలో నాన్చిన రొట్టె పిండినట్టు నీళ్ళు కారాయి.

"రెమీ, ఇన్నాళ్ళూ నేను చూసింది గాలిమరలకి పోయే చెక్కనే. దాన్ని ఎండబెడితే దానంత గొప్పది లేదు. నీళ్ళ మీద దాని బతుకు వేరే. మీ నాన్న మాట వినాల్సింది."

ఆ మాటకి నేను పొంగిపోవాలి. పొంగలేదు. ఇల్లు మునుగుతుంటే మాట గెలిచినందుకు ఎవరికి సంతోషం? నిండా మునిగినవాడికి చలేమిటి అంటారు. సగం మునిగినవాడికే అసలు చలి.

పని మానేసి పడవ వేసుకుని ఏటి పైకీ కిందకీ తిరిగాడు. పచ్చి బాల్సా, ఇంటిని మోసేంత లావున్నది, ఎక్కడా లేదు. చేతికర్రలంత మొక్కలు తప్ప లారీలవాళ్ళు ఏమీ మిగల్చలేదు. తిరిగి తిరిగి వచ్చి, మోకు కట్టి, తల వంచుకుని చెప్పాడు.

"ఒక్కటే ఉందే. నీకు తెలుసుగా."

తెలుసు. నా వంటింట్లోంచి పొద్దున లేస్తే కనిపించేది అదే. డొరీలా వదిన పెరట్లో చెట్టు.

ఆ చెట్టు సంగతీ, మా మాటలు పోయిన సంగతీ ఒకటే. మా అమ్మ తలగడ ఒకటుండేది. బాల్సా కాయలు పగిలితే వచ్చే గోధుమరంగు దూదితో అమ్మ తన చేత్తో కుట్టుకున్నది. అమ్మ పోయాక దాని మీదే పడుకునేదాన్ని. ఒకరోజు ఎండకి గట్టు మీద కంచె మీద వేస్తే, డొరీలా వదిన కుక్క దాన్ని లాగి చీల్చి చెండాడింది. నేను పరుగెత్తుకెళ్ళాను. ఆవిడ చెత్త తగలబెడుతూ, "కుక్కకేం తెలుసే పాపం" అని నవ్వింది. నాకు ముక్కు మీదే కోపం. "కుక్కకి తెలీదు సరే, పెంచినదానికి తెలీదా?" అన్నాను. అక్కడితో ఆగొచ్చు. ఆగలేదు. "నువ్వు కాలు పెడితే ఏ తెప్పయినా మునగాల్సిందే, అందుకే గట్టు మీద చచ్చావు" అన్నాను. చిరిగిన తలగడని ఆవిడ మంటలోకే విసిరేసి వచ్చేశాను. కుక్కది తప్పేనని ఇప్పటికీ అంటాను. ఆ రెండో మాట మాత్రం పెదవి దాటిన క్షణంలోనే ఆవిడ మొహం చూశాను. ఊరంతా ఏ బరువుకైతే ఆవిడకి మొదటి పళ్ళెం పెడుతుందో, ఆ బరువునే తీసి మొహాన కొట్టాను.

దూదిలో ఉండే బాల్సా గింజ మొలవాలంటే దానికి నిప్పు తగలాలి. పొలం కాల్చిన మర్నాడు ముందు లేచేది అదే. ఆ వానలకి వదిన బూడిద కుప్పలోంచి ఒక మొలక వచ్చింది. రెండు నెలలకి నా మోకాలి ఎత్తు. ఆకులా అవి! ఒక్కో ఆకు అన్నం పళ్ళెమంత. ఏడాది తిరిగేసరికి వదిన ఇంటి చూరు దాటింది. పిల్లాడికి పాలపళ్ళు ఊడేలోగా ఇంటిని మోసే మాను అయిపోయే చెట్టు ఇంకోటి ఉంటే చూపించండి. పొద్దు వాలాక గుప్పెడంత తెల్లపూలు విచ్చుకునేవి, లోపల తేనెనీళ్ళు నిలిచేవి, గబ్బిలాలు తాగి మూతులు తుడుచుకుపోయేవి. ఎండాకాలం కాయలు పగిలి కుందేలు కాళ్ళలా వేలాడేవి. గాలి ఇటు వీస్తే ఆ దూది నా వంటింట్లోకి వచ్చేది. మా అమ్మ తలగడే ఎగిరి వచ్చి నా పులుసులో పడుతోందని తిట్టుకునేదాన్ని. తిడుతూనే, చెట్టుని చూడకుండా పొయ్యి వెలిగించేదాన్ని కాదు.

లారీలవాళ్ళు ఆ చెట్టు కోసం ఎన్నిసార్లు వచ్చారో. వదిన చీపురు పట్టుకుని తరిమేసింది. ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. ఏడో వాన దాటితే బాల్సా గుండెకి నీరు పడుతుంది. లోపల ఎర్రబారి, దేనికీ పనికిరాకుండా పోతుంది. "అమ్మదూ, వాడదూ. ఒట్టి పంతం" అని నేనే అందరితో అన్నాను.

ఇప్పుడు ఆ గడపే తొక్కాలి. పోరు నష్టం పొందు లాభం అని చెప్పడానికేం, చెక్క వంతెన మీద పది అడుగులు వేసేసరికి నా కాళ్ళు వెనక్కి లాగాయి. వెనక్కి చూస్తే ఇల్లు ఒక భుజం దించుకుని నిలబడి ఉంది. వెళ్ళాను. పచ్చి అరటికాయ ఉండలు, మధ్యలో జున్ను పెట్టి వేయించి, గిన్నెలో తీసుకెళ్ళాను.

వదిన మెట్ల మీద కూచుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. తల ఎత్తలేదు.

"వదినా."

"ఎవరూ?"

"నేనే. రెమీని."

"ఏ రెమీ? ఏట్లో వంకరింట్లో ఉంటుంది, ఆ రెమీనా?"

నాలుక కొరుక్కున్నాను. "ఆ, ఆ వంకరింటి రెమీనే."

"నోరు బాగుందా? విని చాలా రోజులైందిలే."

"బాగానే ఉంది వదినా. నీ దయ."

"గిన్నెలో ఏంటి?"

"అరటికాయ ఉండలు."

"జున్ను పెట్టావా, పిసినారితనం చేశావా?"

"తిని చూడు."

తినలేదు. గిన్నె పక్కన పెట్టుకుంది. మళ్ళీ చిక్కుడుకాయలు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కోపమో దుఃఖమో తెలీదు. ఉన్న మాట అనేశాను.

"చెట్టు కావాలి వదినా. నా ఇల్లు పోతోంది."

"ఏ చెట్టు?"

"నీ చెట్టు."

"అది నా చెట్టని ఎవరన్నారు?" అని మొదటిసారి తల ఎత్తింది. "అది మీ అమ్మ తలగడ. నువ్వు విసిరినచోటే మొలిచింది. మొలక చూడగానే నాకు తెలిసింది. లారీవాళ్ళు గొడ్డళ్ళు పట్టుకుని ఎన్నిసార్లు నా గుమ్మంలో నిలబడ్డారో చూశావుగా? పక్కింటిదాని తలగడ అమ్ముకునే గతి నాకింకా పట్టలేదు పొండిరా అన్నాను."

ఇన్నేళ్ళూ పంతం అనుకున్నది నా సొమ్ముకి కాపలా అట.

"మరి చెప్పొచ్చు కదా వదినా?"

"నువ్వు అడగొచ్చు కదా?"

వదిన ఒళ్ళో చాట సర్దుకుంది.

"తీసుకుపో. నీది నువ్వు కొట్టుకో. ఇంకేమైనా ఉందా?"

లేదని లేవబోయాను. ఆవిడ నావంక చూడటం లేదు, తన పాదాలు చూసుకుంటోంది. వెడల్పాటి పాదాలు, ఎన్ని ఇళ్ళ దుంగలు దించిన పాదాలో. చూస్తూనే మెల్లిగా అంది.

"మొన్న రాళ్ళు తెచ్చుకున్నారు. ఇక్కడే కూచుని చూశాను. నా కంటే రాళ్ళు నయమైపోయాయి మీకు."

అప్పుడు తెలిసింది నేనేం అడగడానికి వచ్చానో. చెట్టు కాదు. రెండు మెట్లు ఎక్కి ఆవిడ పక్కన కూచున్నాను.

"వదినా, దుంగ దించేరోజు నువ్వు రావాలి. నువ్వు నిలబడకపోతే నా ఇల్లు లేవదు."

"నేను కాలు పెడితే తెప్ప మునుగుతుందేమోనే!"

"మునగాలనే కదా పిలుస్తున్నాను!"

ఒక క్షణం నన్నే చూసింది. తరవాత ఆ భుజాలు కదిలాయి. ఆవిడ నవ్వుతుంటే మెట్లు ఊగాయి, చాటలో చిక్కుడుగింజలు గెంతాయి. నేనూ నవ్వాను, ఏడ్చాను, రెండూ కలిపి చేశాను. "క్షమించు వదినా" అన్నాను. "సర్లే, ఉండలు చల్లారిపోతున్నాయి" అని గిన్నె ఒళ్ళోకి తీసుకుంది. మొదటిది కొరికి, "జున్ను తక్కువే" అంది.

వెన్నెల తరిగే రోజులు చూసుకుని చెట్టు కొట్టారు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అంటారు. మా ఆయన గొడ్డలి మాత్రం బరువుగానే లేచింది, బరువుగానే దిగింది. తెల్లటి పెళ్ళలు తడితడిగా ఎగిరిపడ్డాయి. పచ్చి బాల్సా ఈక కాదు, దాని ఒళ్ళంతా నీరూ పసరే. మాను ఒరిగాక అందరం కొట్టిన చోటికి వంగి చూశాం. తెల్లగా, నడుమ మాత్రం గులాబి రేకంత చుక్క. వదిన ఊపిరి వదిలింది. ఇంకో వాన ఆగి ఉంటే పోయేదే. మా ఇద్దరి నోళ్ళూ ఆ చెట్టుని ఇంకొంచెంలో చంపేసేవి.

మానుని మూడు దుంగలుగా కోశారు. బెరడు పొడుగ్గా పట్టీలు పట్టీలుగా వచ్చింది. మా ఆయన దాన్నే మెలిపెట్టి తాళ్ళు పేనాడు. తన దుంగని తానే కట్టుకునే చెట్టు ఇది. దూది తల కింద, తాడు చేతిలో, మాను ఇంటి కింద, ఎండితే ఆకాశంలో రెక్కై తిరుగుతుంది. ఇన్ని పనులు తెలిసినది ఎంత నెమ్మదిగా ఉంటుందో! మా ఆయన తెగిన మాను మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. అన్నేళ్ళు బాల్సాని ముట్టుకున్నవాడు, బతికున్న బాల్సాని అప్పుడే చూస్తున్నట్టు చూశాడు.

మర్నాడు పడవ పంపాను. ఎదురుగా ఉన్న గుమ్మానికి పడవేంటే అని అందరూ నవ్వారు. మర్యాద మర్యాదే. వదిన కొత్త లంగా కట్టుకుని, చుట్ట వెలిగించుకుని, పడవ మధ్యలో రాణిలా కూచుని వచ్చింది. పచ్చి దుంగ నీళ్ళలో సగం దిగి, కదలకుండా ఎదురుచూస్తోంది. ఎండు దుంగ పొగరు దీనికి లేదు. నేను చెయ్యి అందించాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని దుంగ మీద కాలు పెట్టింది.

దుంగ వంగి దారి ఇచ్చినట్టు దిగింది. ఆవిడ వెనక ఇంకో ఇద్దరు ఎక్కారు. నీళ్ళు మోకాళ్ళు దాటాయి, నడుము దాటాయి. చుట్ట పొగ తిన్నగా పైకి లేస్తోంది. మా ఆయనా, ఈతగాళ్ళూ దుంగని ఇంటి కిందకి నెట్టారు. "ఆగండి, ఇంకొంచెం ఎడమకి" అని ఆవిడ కాళ్ళతోనే చెప్పింది, నోరు తెరవకుండా. మొదట ఒకడు దిగాడు. తరవాత ఇంకొకడు. చివర ఆవిడ, అడుగడుగునా దుంగని బుజ్జగిస్తున్నట్టు, మెల్లిగా పక్కకి జరిగింది.

ఇల్లు మూలిగింది. నేను లోపల నిలబడి ఉన్నాను. నా అరికాళ్ళ కింద చెక్కలు పైకొచ్చాయి. మూడో దుంగ కూడా దిగాక, నిమ్మకాయ తీసి నేల మీద పెట్టాను. ఎండు దుంగలప్పుడంత ఎత్తు లేవలేదు ఇల్లు. మా అమ్మ రోజుల్లో ఉన్నంత ఎత్తే ఉంది. నిమ్మకాయ మెల్లిగా ఊగింది, ఎటూ పోలేదు. ఏరు ఊపిన ఊపే అది.

కొత్త కట్లు బిగుసుకునేదాకా ఇంటి మీద గుంపు ఉండకూడదు. అందుకని భోజనాలు వదిన పెరట్లో పెట్టాం, చెట్టు కొట్టేసిన మొదలు పక్కనే. కొమ్మలూ ఆకులూ ఒక పక్కన కాలి బూడిదవుతున్నాయి. బాతు కూర మొదటి పళ్ళెం వదినకి పెట్టాను. ఆవిడ తినకుండా లేచి లోపలికి వెళ్ళి ఒక మూట తెచ్చి నా ఒళ్ళో పడేసింది. తలగడ. గోధుమరంగు దూది, బిగించి కుట్టినది.

"మూడు ఎండాకాలాలు ఏరాను. నీ పులుసులో పడింది పోగా మిగిలింది" అంది.

దాన్ని మొహానికి అదుముకున్నాను. ఎండ వాసన. తరవాత కుట్టు ఒక మూల విప్పి గుప్పెడు దూది బయటికి లాగాను. నల్లటి గింజలు చేతికి తగిలాయి. మంట పక్కన, సన్నగా పొగలొస్తున్న వేడి బూడిదలోకి విసిరాను.

వదిన నోట్లో ముద్ద పెట్టుకోబోయి ఆగిపోయింది.

"ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళని చూశాను గాని, తెప్ప కోసం తలగడ తగలేసేదాన్ని నిన్నే చూశానే! ఏంటి, మళ్ళీ మొదలెట్టావా?"

"ఈ దుంగలు అయిదారేళ్ళేగా వదినా. మళ్ళీ నీ గుమ్మంలోకి రావాలి కదా నేను."

ఆవిడ బూడిద వైపు చూసింది. తన పాదాల వైపు చూసుకుంది.

"చెట్టయితే వస్తుందే. అప్పటికి నాకు ముసలితనం వచ్చి సన్నబడిపోతానేమో. నిలబడితే దుంగ దిగాలి కదా?"

నేను లేచి, ఆవిడ పళ్ళెంలో ఇంకో రెండు గరిటెల అన్నం వేశాను.